మందుపెట్టెపై చుక్కలు

మన యిండ్లలో పోపులపెట్టె యెంత అవసరమో నేడు మందులపెట్టెయు నంత అవసరమైనది. అత్తగారికి రక్తపుపోటు బిళ్లలు, మామగారికి మధుమేహపు బిళ్లలు, పిల్లలకు జ్వరపు మందు, అందరికిని తలనొప్పి బిళ్లలు. ఈ పెట్టెపై నధికారము సాధారణముగా గృహిణిదే. ఏ బిళ్ల యెవరికి, ఏ వేళకు, ఎన్ని మిగిలినవి, ఏది పాతబడినది యను లెక్క యంతయు నామె తలలోనే యుండును. ఆ లెక్క కంతకు నాధారమేమి? అట్ట మూలను చిన్నగా పడియున్న నాలుగంకెలు.

బియ్యములో రాయి యున్నచో కంటికి కనబడును. పాలు విరిగినచో వాసనయే చెప్పును. మందు పాతబడిన సంగతి తరచుగా రంగు చెప్పదు, రుచి చెప్పదు. అంకెలే చెప్పవలెను. ఆ యంకెలను వ్రాయువారెవరు, ఎట్లు వ్రాయుదురు, వ్రాతలో తప్పు దొర్లునా యని తెలిసికొనుట మనకు మిక్కిలి యవసరమని తోచి, మేము చూచినదియు విన్నదియు సోదరీమణుల కిచట విన్నవించుచున్నాము.

మందు తయారైన తేది, గడువు తీరు తేది, బ్యాచి నెంబరు అట్టపై నుండవలెనని 1945 నాటి మందుల నిబంధనలు విధించుచున్నవి. బ్యాచి యనగా ఒక్కమారు కలిపి చేసిన సరకు. ఒక్క గంగాళములో వండిన పులిహోర వంటిది. అందులో లోపము బయటపడినచో ఆ నెంబరు గల మందునంతను అంగళ్లనుండి వెనుకకు రప్పింతురు. మందు పేరు, రంగులు, కంపెనీ గుర్తు ముందుగనే వేలకొలది పెట్టెలపై నచ్చు వేయించి యుంచుకొనవచ్చును గాని, బ్యాచి నెంబరును తేదియు మందు నింపునాటికి గాని నిశ్చయము కావు. కావున కదలు పట్టీమీద పెట్టెలు పరుగిడుచుండగనే, వానిని ముట్టకుండ, ఆపకుండ వ్రాయవలెను. కొన్ని అట్టలపై లోహపు అచ్చుతో నొక్కుదురు. అట్టివి వ్రేలితో తడిమిన తెలియును. తక్కిన వానిలో పెక్కింటిపై వ్రాయునది సిరా చిమ్ము యంత్రము.

ఈ యంత్రముల మర్మము మాకు తెలిపినవాడు మా ఆడబిడ్డ కుమారుడు. అతడు ఎలక్ట్రానిక్సు చదివి, జీడిమెట్ల పారిశ్రామికవాడలో చిన్న గది యద్దెకు దీసికొని, సిరా చిమ్ము హెడ్డులను నడపు కార్డులను బాగుచేయుచున్నాడు. తోడివారు సముద్రములు దాటి పోగా తన కుమారుడు బాలానగరము దాటి జీడిమెట్లతో నాగిపోయెనని మా ఆడబిడ్డకు లోలోపల దిగులు. చేతుల సిరా మరకలు చూచినప్పుడెల్ల ఆ దిగులు పైకి వచ్చును. తల్లి మనస్సును మేము కాదనము గాని, ఆ గదిని చూచిన పిమ్మట మా యభిప్రాయము వేరైనది.

బాలానగరము నుండి చింతలు, షాపూరునగరు మీదుగా పోయిన జీడిమెట్ల వాడ వచ్చును. పేరులో జీడి యున్నది గాని మేము నడచిన వీధులలో జీడిచెట్టొక్కటియు కానరాలేదు. ఉన్నవి రేకుల కప్పులు, లారీలు, రసాయనముల ఘాటు. దారిలో ఐ.డి.పి.ఎల్. ఆవరణ తగులును. 1961లో నేర్పడిన ఆ ప్రభుత్వ మందుల సంస్థలో పని నేర్చినవారనేకులు తరువాత సొంత పరిశ్రమలు పెట్టిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డిగారు కూడ అందు పనిచేసినవారే. ఆ కర్మాగారము నేడు నడచుట లేదు. దాని చుట్టు ప్రక్కల వాడలలో మాత్రము మందులు చేయువారు, అట్టపెట్టెలు కోయువారు, సీసాలకు చీటీలంటించువారు వెలసియున్నారు. ఇందరున్న చోట తేదీ వ్రాయు యంత్రము లుండును. యంత్రములున్న చోట వాని కార్డులు కాలుచుండును. కావున మావాని గదిలో పనికి కొదువలేదు.

మేము మొదట చూచినది అట్టపెట్టెలపై పెద్ద యక్షరములు వ్రాయు హెడ్డు. నిలువుగా నేడు సన్నని రంధ్రములు. వానిని వారు నాజిళ్లందురు. "అత్తయ్యా, ఇది మీకు తెలియని విద్య కాదు, చుక్కల ముగ్గే" అని యతడనెను. నిజమే. నిలువు ఏడు, అడ్డము అయిదు చుక్కల గడిలో ఏ యక్షరమైనను ఏ యంకెయైనను ఇమిడిపోవును. మనము ముగ్గు వేయునపుడు నేల కదలదు, చేయి కదలును. ఇచట చేయి కదలదు, పెట్టెయే కదలును. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పిండిని ఎప్పుడు విడువవలెనో, ఎంత విడువవలెనో మన చేతికి అలవాటున తెలియును. యంత్రమునకు ఆ తెలివి యిచ్చునది డ్రైవరు కార్డు. ఏ నాజిలు, ఏ క్షణమున, ఎంతసేపు తెరచుకొనవలెనో అది విద్యుత్తుతో ఆజ్ఞాపించును. పట్టీ వేగమును కొలుచు చిన్న చక్రమొకటి ప్రక్కన తిరుగుచు దానికి తాళము వేయుచుండును. ఆ చక్రము జారినచో అక్షరములు సాగిపోవును, లేదా యిరుకగును.

పిమ్మట అతడొక కాగితముపై 8 అంకెను చుక్కలతో వేసి, నడిమి వరుసను చేతితో మూసెను. సున్న కనబడినది. E యక్షరమును వేసి యడుగు వరుసను మూసెను. F అయినది. ఒక్క నాజిలు మూసికొన్నను, దానిని నడపు కార్డులో ఒక్క భాగము చెడినను ఇంత మార్పు కలుగును. 2028 అని యుండవలసినది 2020 అని కనబడినచో గృహిణి భయపడి మంచి మందును పారవేయును, అది ధననష్టము. బ్యాచి నెంబరులో 18 కాస్త 10 అయినచో నష్టము వేరు. 18వ బ్యాచి మందు వాడవలదని ప్రకటన వచ్చిననాడు, మన యింటనున్నది 10 గదా యని మనము నిశ్చింతగా నుందుము. ఈ మాట విన్నప్పుడు మాకు ఒడలు జలదరించినది.

మందు సీసాలపై, ప్లాస్టికు డబ్బాలపై సన్నని అక్షరములు వ్రాయునది మరియొక జాతి యంత్రము. కుళాయిని మిక్కిలి సన్నగా విప్పి చూడుడు. నీరు పైన దారమువలె దిగి, కొంత దూరము పోయి చుక్కలుగా తెగును. ఈ తెగుటకు గణితము కట్టినవాడు ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు. 1878వ సంవత్సరపు మాట. 1960వ దశకములో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రిచర్డు స్వీటు అను నాయన ఆ చుక్కలకు విద్యుత్తు పూసి, కోరిన చోటికి మరల్చు నుపాయము కనుగొనెను. ఈ యంత్రములో సిరా ధార యెడతెగక చిమ్ముచునే యుండును. లోపలి స్ఫటికము సెకనుకు పదివేల కొలది మార్లు వణకుచు ధారను సమానమైన చుక్కలుగా త్రెంచును. వ్రాతకు కావలసిన చుక్కకు మాత్రము కార్డు విద్యుదావేశము నిచ్చును. ఎక్కువ ఆవేశము పొందిన చుక్క యెక్కువగా వంగి యక్షరపు పైభాగమునకు చేరును, తక్కువ పొందినది క్రిందికి చేరును. ఏమియు పొందని చుక్కలు తిన్నగా పోయి ఎదుటి గొట్టములో పడి సిరాబుడ్డికి మరలి వచ్చును. ఒక్క బొట్టు వృథా కాని యీ యేర్పాటు చూచి మాకు ముచ్చట కలిగినది.

ఇందులో కష్టమంతయు క్షణము పట్టుకొనుటలోనే యున్నది. చుక్క ధారనుండి తెగు క్షణమున నిచ్చిన యావేశమే దానితో పోవును. బొడ్డు కోయు వరకే తల్లినుండి బిడ్డకు పోషణ చేరినట్లు, తెగిన పిమ్మట చుక్కకు మనమీయగలిగినది లేదు. సిరా చిక్కబడినను, గది వేడెక్కినను, తెగు క్షణము ముందు వెనుకలగును. కార్డు దానిని మాటిమాటికి పరీక్షించి సరిచూచుకొనుచుండవలెను. ఆ పరీక్ష తప్పిననాడు అక్షరముల తలలు వంగిపోవును.

మూడవ జాతిది మరల వేరు విద్య. వేడి పెనముపై నీటిచుక్క పడినప్పుడు చురుక్కుమని యెగురుట మనమెల్లరము ఎరిగినదే. జపానులోని కానన్ సంస్థలో 1977లో ఇచిరో ఎండో అను నతని యెదుట, కాలిన టంకపుకర్ర సిరా నింపిన సూదికి పొరపాటున తగిలి సిరా చివ్వున చిమ్మినదట. అందుండి పుట్టినది ఈ పద్ధతి. అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డు వారును వేరుగా నిట్టి మార్గమునే పట్టి, 1984లో థింక్‌జెట్ అను యంత్రమును అంగడికి తెచ్చిరి. నాజిలు వెనుక ఆవగింజకంటె నెన్నో రెట్లు చిన్నదైన వేడి పలక యుండును. సెకనును పది లక్షల భాగములు చేసిన అందు రెండు మూడు భాగముల సేపు మాత్రము కార్డు దానికి విద్యుత్తు నిచ్చును. పలక దాదాపు 300 డిగ్రీలకు కాగి, ఆవిరి బుడగ లేచి, చుక్కను నెట్టివేయును. విద్యుత్తు కొంచెము తక్కువైన చుక్క లేవదు. కొంచెము ఎక్కువసేపు ఇచ్చిన సిరా పలకపై మాడి యంటుకొనును. ఈ మాడుకు వారు పెట్టుకొన్న పేరు కొగేషన్. జపానువారి భాషలో కోగే యనగా అన్నము అడుగంటిన మాడు. శాస్త్రజ్ఞులకును తుదకు వంటింటి మాటయే కావలసి వచ్చెను గదా!

చిన్న కర్మాగారములలో మిక్కిలి వాడుకలోనున్న యీ జాతి సిరాపెట్టె యొకదానిలో 300 నాజిళ్లున్నవి. వానిని నడపుటకు వెలుపల నున్న లోహపు బిళ్లలు 52 మాత్రమే. ఇదెట్లని మేమడుగగా, "వీధి పేరు, ఇంటి నెంబరు చెప్పిన ఉత్తరము చేరదా అత్తయ్యా!" అనెను. ఒక తీగె వీధిని చెప్పును, మరియొక తీగె యింటిని చెప్పును. రెండును కలిసినచోట చుక్క లేచును. దీనివలన తీగెలు తగ్గినవి గాని యొక చిక్కు కలదు. బిళ్ల యొకటి మురికిపట్టినచో వీధికి వీధియే చీకటియగును. ఇరువదికి పైగా నాజిళ్లు ఒక్కసారి మూగవోవును. అక్షరములపై తెల్లని చారలు పడును. మెత్తని పొడిగుడ్డతో బిళ్లను తుడిచిన తీరిపోవు ఈ జబ్బునకు హెడ్డునే పారవేసి క్రొత్తది కొనువారు కలరట.

ఇక స్ఫటికపు హెడ్డు. మావాని కిందు మక్కువ యెక్కువ. మాకును దీనివద్దనే యెక్కువసేపు గడచినది. గ్యాసు పొయ్యి వెలిగించు లైటరు మనచేత దినమునకు పదిమార్లు టక్కుమనును. దానిలో నిప్పులేదు, చమురులేదు. లోపలి స్ఫటికమును సుత్తివంటి ముక్క కొట్టగా వేల వోల్టుల విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ యెగురును. ఒత్తిడినుండి విద్యుత్తు పుట్టు నీ గుణమును ఫ్రాన్సు దేశపు క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. విద్యుత్తు నిచ్చిన స్ఫటికము కదలవలెనని మరుసటి యేడు లిప్‌మన్ అను పండితుడు గణితముచే చెప్పగా, ఆ సోదరులే దానిని ప్రయోగము చేసి చూపిరి. లైటరును తలక్రిందులు చేసినట్టిదే యీ హెడ్డు. విద్యుత్తు నిచ్చిన గోడ కదలి సిరాను నెట్టును. ఆ కదలిక వెండ్రుక మందములో నూరవవంతు కూడ లేదు.

అంత చిన్న కదలికతో చుక్క యెట్లు లేచును? ఇందులోనే కార్డు నేర్పు కలదు. ఒక్కసారిగా నెట్టదు. మొదట గోడను వెనుకకు లాగును. సిరా లోనికి వచ్చును. లోపల నొక యల బయలుదేరి అటునుండి మరలి వచ్చును. ఆ యల మరలివచ్చు వేళకు సరిగా గోడను ముందుకు నెట్టును. రెండు బలములును కలిసి చుక్క యెగురును. ఉయ్యాలలో పిల్లవాని నూపు తల్లి ఉయ్యాల తనవైపు వచ్చి మరలుచున్న క్షణమున చేయి వేయునుగాని, ఎదురు వచ్చుచుండగా వేయదు. ఈ యెడము సెకనులో పదిలక్షవవంతులు అయిదో పదియో. మావాడు గీతలు చూపు యంత్రముపై ఆ విద్యుత్తు రూపమును మాకు చూపెను: మెల్లగా ఎక్కు మెట్టు, కొంత చదును, మరల దిగు మెట్టు. చదును కొంచెము పొడుగైన చుక్క బలహీనమై ప్రక్కకు పోవును. దిగుట మిక్కిలి వడిగా నున్నచో పెద్ద చుక్క వెంట పిల్లచుక్కలు తోకవలె బయలుదేరి అక్షరము చుట్టు మసక క్రమ్మును.

ఎండకాలమున హైదరాబాదు రేకుల కప్పు క్రింద సిరా పలుచబడును. అదే వోల్టేజి నిచ్చిన చుక్కలు లావై ఊరకయే చెమర్చును. కావున వేడిని కొలిచి వోల్టేజి తగ్గించవలెను, చలికాలమున పెంచవలెను. ఒక్క కర్మాగారమున నొక్కనాడు చేసిన హెడ్డులైనను ఒక్కరీతిగా నుండవు. ఏ హెడ్డు కెంత వోల్టేజి తగునో దానిమీదనే వ్రాసియుండును. ఒక కడుపున పుట్టిన పిల్లలందరికి నొకే పాళముగా నన్నము పెట్టిన చెల్లునా? మరియొక చిక్కు: నాజిళ్లన్నియు నొక్కసారి కొట్టవలసి వచ్చినప్పుడు, మేడలో కుళాయిలన్నియు నొక్కసారి విప్పిన నీటివడి తగ్గునట్లు, విద్యుత్తు రూపము సడలును. మంచి కార్డు దానిని ముందే తలచి నిలద్రొక్కుకొనును. చవుక కార్డు తొట్రుపడును. నల్లని నిండు గీతలు వచ్చినచోట అంచులు వెలవెలబోవుట కిదియొక కారణము.

మావాని బల్లపై గుట్టగా పడియున్న కార్డులలో సగము ఒకే కారణమున వచ్చినవి. హెడ్డునకు కార్డునకు నడుమ కాగితమువలె చదునైన తీగెల పట్టీ యుండును. హెడ్డు కడిగి, తడియారకముందే దానిని బిగించి మీట వేయుదురు. సిరా తడి తీగెలను కలుపును; ఒక్క క్షణములో హెడ్డును కాలును, స్ఫటికమునకు విద్యుత్తును నింపి తీయు జంట ట్రాన్సిస్టర్లును కాలును. హెడ్డు వెల వేల రూపాయలు; కొన్ని యింకను ప్రియము. పదినిమిషములు ఆగినచో నిలిచెడి సొమ్ము! ఇండ్లలో రంగుల అచ్చుయంత్రము గలవారికిని ఈ మాట వర్తించును.

అతని గదికి దగ్గరలో కాపురమున్న యొకామె చిన్న మందుల కర్మాగారమున పెట్టెలు కట్టు పనిలో నున్నది. పదవ తరగతి చదివినది. పెద్ద కర్మాగారములలో వ్రాసినదానిని చదివి సరిచూచుటకు కెమెరా లుండును. ఆమె పనిచేయుచోట ఆడువారి కన్నులే కెమెరాలు. పట్టీప్రక్క నిలువబడి, పోవు పెట్టెలపై వ్రాత చూచుచుండవలెను. ఒకనాటి మధ్యాహ్నము 18 అని యుండవలసినచోట నడిమి వరుస మాయమై 10 అగుటను ఆమె చూచి, పట్టీ నాపివేసినది. పట్టీ యాగిన ఆనాటి లెక్క తగ్గును; తోడివారికందరికిని మాట వచ్చును. పైవాడు వచ్చి, ఉదయము బాగుగనే యున్నది గదా, చదువ వచ్చుచున్నది, పోనిమ్మనెనట. "ఉదయము బాగున్నదయ్యా, ఇప్పుడు లేదు. నా బిడ్డకు కొన్నట్లయిన ఏమని చదువుదును?" అని యామె కదలలేదు. వెనుకటి పెట్టెలను విప్పి చూడగా అనేకములపై సున్నలే పడియున్నవి. అన్నిటికిని మరల వ్రాయవలసి వచ్చెను.

ఆ కార్డు మావానియొద్దకు వచ్చినది. చల్లగా నున్నంతసేపు ఏ దోషమును లేదు. వెచ్చజేయగా నాల్గవ నాజిలును నడపు ట్రాన్సిస్టరు పనిమానివేసినది. ఉదయము బాగుండుట, మధ్యాహ్నము చెడుట అందువలననే. కొలతల యంత్రములేవియు లేకయే, ఏ వేళ చెడినదో సరిగా చెప్పి మావాని పనిని సగము తగ్గించినది ఆమెయే. బహుమాన మేమైన నిచ్చిరా యని మేమడిగితిమి. "తిట్టలేదమ్మా, అదే చాలును" అని నవ్వినది. ఆ నవ్వు మాకు రుచించలేదు. అచ్చుబొమ్మలకు, రంగులకు అంత ధనము వెచ్చించువారు ఈమె నిలువబడు చోట నొక దీపమును, కూర్చుండుట కొక పీటను ఏర్పాటు చేయలేరా? తేదిని అట్ట మడతలోను, ముదురు రంగుపైన నల్లసిరాతోను వ్రాయించువారి సంగతియు నిట్టిదే. చదువవలసిన ముసలి కన్నులు వారి తలపునకు వచ్చినట్లు లేదు.

ప్రభుత్వము పేర్కొన్న 300 పేర్ల మందులపై, 2023 ఆగస్టు 1 తరువాత తయారైన వానికి, క్యూఆర్ కోడు గాని బార్ కోడు గాని యుండవలెనని నియమము వచ్చినది. ఫోను కెమెరాతో చూచిన మందు పేరు, తయారుచేసినవారు, బ్యాచి నెంబరు, తేదులు తెలియవలెను. చదరముగా నుండు క్యూఆర్ గుర్తులో కొన్ని చుక్కలు రాలినను తక్కిన చుక్కల లెక్కనుబట్టి ఫోను పూరించుకొనగలదు. అంకెల కట్టి రక్షణ లేదు. కావున రెండును ఉన్నచోట రెండింటిని పోల్చి చూచుట మేలు. అంకె నడుమ తెల్లని యడ్డుగీత యున్నను, అక్షరపు అడుగో తలయో కోసినట్లున్నను, పెట్టెపై నున్నదానిని లోపలి అట్టపై నున్నదానితో సరిచూడవలెను. రెండును కలియనిచో అంగడివానికి చూపి మార్చుకొనవలెను. రాలిన చుక్క 8ని సున్న చేయునుగాని సున్నను 8 చేయదని మావాడు చెప్పిన మాటయు గుర్తుంచుకొనదగినది. సున్నను చూచినప్పుడే దాని నడుమ పరికించవలెను.

అంగడివారు బిళ్లల అట్టను కత్తిరించి యిచ్చునప్పుడు తేదియున్న కొన తరచుగా వారియొద్దనే యుండిపోవును. అప్పుడు ఆ కొనను చూపుమని యడిగి, తేదిని బ్యాచి నెంబరును అంగడి రసీదుపై వ్రాయించుకొని, ఆ రసీదును బిళ్లలతోనే యుంచవలెను. ఇంట బిళ్లలు తీయునప్పుడు రెండవ కొననుండి తీయుచు వచ్చినచో, చివరి బిళ్ల వరకు ఆ యంకెలు అట్టపై నుండును.